అలల మీది పతంగి

భాగ్య దారాలు వదులు చెయ్యగానే పెద్ద పతంగి క్యాంపస్ గ్రౌండ్‌లో దబ్బున పడింది.

"ఎందుకు వదిలినవ్? మంచిగ గుంజుతుండె. ఇదే తీస్కపో," అన్నాడు బుచ్చిరాములు.

పతంగి లాగుతుంటే పలక మీద నిలబడి అలలెక్కడానికి రేపు రామేశ్వరం పోతోంది కూతురు. అక్కణ్నుంచి గంటగంటకూ ఫోన్ చేస్తానంటేనే తార్నాకలోని ఇల్లు దాటనిస్తున్నాడాయన.

"అలెక్కినంక అలనే తోస్తది నాన్నా. దారం ఢీలైతది. అప్పుడు పతంగి నీళ్లల్ల పడొద్దు."

పక్కనే ఉన్న చిన్న పతంగిని ఎగరేసి, దారాలు వదులు చేసింది. అది గాలిలోనే తేలుతూ నిలిచింది.

కాచిగూడ మిద్దెల మీద పతంగులెగరేసి పెరిగిన మనిషికి ఇంకేం చెప్పాలి?

"ఢీలిచ్చినా పడనిదే అసలు పతంగి. చిన్నదే తీస్కపో."

"మరి గంటగంటకు ఫోన్?"

వదులు దారాలతోనే తేలుతున్న పతంగిని చూశాడు బుచ్చిరాములు.

"యాదికొచ్చినప్పుడు చెయ్యి, బిడ్డా."