టేకో కాదో

ఎలుగుబంటి ఓ టేకు మొక్క నాటింది. వాగు నుంచి పుక్కిట పట్టి నీళ్లు తెచ్చి పోస్తూ మోకాలెత్తు పెంచింది.

"ఇది టేకని ఎవరన్నారు మామా? నాకు బొమ్మమేడిలా కనబడుతోంది" అంది నక్క.

ఎలుగుకు ఒళ్లు మండింది. "లేతాకు నలిపి చూడు. టేకైతే గోరింటాకు పెట్టినట్టు చెయ్యి పండుతుంది."

నక్క ఓ ఆకు తుంచి నలిపింది. చెయ్యి ఎర్రగా పండింది.

"ఇప్పుడు ఒప్పుకుంటావా?"

"నేను ఒప్పుకుంటే సరా? కోతి ఒప్పుకోవద్దూ?"

కోతి వచ్చి ఒక చెయ్యి పండించుకుని, రెండోది కూడా చూస్తే గాని నమ్మనంది. కుందేలుకు ఏ అనుమానమూ లేదు గాని, చెల్లెలి పెళ్లికి వెళ్లాలని నాలుగు కాళ్లకూ పెట్టించుకుంది. ఎలుగు మురిసిపోతూ అడిగినవాళ్లకల్లా తనే ఆకులు తుంచి ఇచ్చింది.

సాయంత్రానికి అడవంతా అది టేకేనని ఒప్పుకుంది.

అప్పుడు జింక వచ్చింది. నేలలో నిలబడ్డ పుల్లను చూసి, "ఇదేం మొక్క మామా?" అని అడిగింది.

"టేకు. కావాలంటే ఆకు నలిపి చూడు" అంటూ ఎలుగు చెయ్యి చాపింది.

తుంచడానికి ఆకు లేదు.