మామ అమ్మిన కారు

మేనమామ దేవదానం నడిపే పాత స్పోర్ట్స్ కారంటే జోయెల్‌కు చిన్నప్పటి నుంచీ మోజు. ఎన్నిసార్లు అడిగినా మామ అమ్మనన్నాడు. చివరికి జోయెల్ అత్త రూతుకు ఒక అబద్ధం చెప్పాడు.

"మామకు సూపు తగ్గింది అత్తా. నిన్న నాచారంల ఒక పిల్లను గుద్దబోయిండు."

అత్త భయపడిపోయి కారు అమ్మేయమని పోరు పెట్టింది. మామ కాగితాల మీద సంతకం పెట్టి, తాళాలు జోయెల్ చేతిలో పెట్టాడు.

ఆ రాత్రే జోయెల్ కారులో ఉప్పల్ బయలుదేరాడు. ఫ్యాక్టరీల మధ్య దారిలో మనిషన్నవాడు లేడు. గేరు రాడ్డు మీద చెయ్యి వేసినప్పుడల్లా అది వెచ్చగా, చెమటతో తడిగా తగులుతోంది. తన అరచెయ్యి మాత్రం పొడిగానే ఉంది.

అతను కారు పక్కకు ఆపాడు. గేరు తీయకుండా, క్లచ్ తొక్కిపట్టి, అత్తకు ఫోన్ చేశాడు.

"మామ ఏం జేస్తుండు?"

"నువ్వు పోయినకాడికెల్లి కండ్లు మూసుకోని కుర్సీల కూసున్నడు. ఎడమ చెయ్యి ఊకె కదిలిస్తుండు, గేర్లు మార్చినట్టు."

"అత్తా, మామ ఎవల్నీ గుద్దబోలేదు. కారు కోసం నేనే అబద్ధం జెప్పిన. ఫోన్ మామకియ్యి, మాఫీ అడుగుత."

ఫోన్‌లో అత్త నడుస్తున్న చప్పుడు వినిపించింది.

"ఏమయ్యా, జోయెల్ మాట్లాడుతడట."



"ఏమయ్యా!" ఈసారి అత్త గట్టిగా పిలిచింది.

జోయెల్ చెయ్యి గేరు మీద లేదు. అయినా రాడ్డు మెల్లగా న్యూట్రల్‌లోకి జారింది. తర్వాత హ్యాండ్ బ్రేక్ కిర్రుమంటూ పైకి లేచింది.