తుడిచేసిన చోటు

గృహప్రవేశానికి పాలు పొంగించాలి, గుమ్మానికి తోరణం కట్టాలి, నాయనమ్మ ఫొటోలో వెనకున్న ఇటుకబట్టీని తుడిపించాలి. వెనకున్నది చూసి ఏ ఫొటో ఎక్కడిదో ఇప్పుడు అందరి కళ్లద్దాలూ చెప్పేస్తున్నాయి. ఆఫీసువాళ్ల ముందు నాకు నామోషీ. ఉన్న ఒక్క ఫొటోనూ, నకలైనా ఉంచుకోకుండా, తుడిపించి గోడకు తగిలించాను.

భోజనాలయ్యాక, చూపు సరిగా ఆనని నాయన మా ఆఫీసరు కళ్లద్దాలు అడిగి పెట్టుకుని ఫొటో ముందు నిలబడ్డాడు.

"చోటు తెల్వదంటున్నయి బిడ్డా! మా అమ్మను ఆ బట్టీ కాడ్నే బొందవెట్టిన్రు. నేను పసిపోరణ్ణి, ఊరి పేరు యాదికి లేదు. ఇయ్యాలన్న తెలుస్తదనుకున్న."

"పాత ఫొటో కదా, పెద్దాయనా," అన్నాడు ఆఫీసరు.

నేను విస్తళ్లు ఎత్తుతూ వంచిన తల ఎత్తలేదు.

ఆమె పేరు ఈదమ్మ. ఎక్కడుందో ఇక ఎవరూ చెప్పలేరు. పేరైనా మీరు గుర్తుంచుకోండి.