తడి తువ్వాల

తమ్ముడు ఓదెలు సంచిలో లచ్చవ్వ పట్టు కండువా కంటే ముందు తడిపిన తువ్వాల పెట్టింది. ఊళ్ళో అందరి ఫోన్లకూ, తమ్ముడి గుండెను ఆడించే మిషనుకూ కరెంటు బనీన్లలోని సన్నతీగలే ఇస్తాయి. ఒంటి వేడికీ బయటి గాలికీ తేడా ఉంటేనే ఇస్తాయి. రోహిణి కార్తెలో ఆ తేడా ఉండదు కనుక జనం వీపులు తడుపుకొని తిరుగుతారు.

"పెండ్లిపెద్దను గదక్కా, చెరువుల పడి లేచినోని లెక్క పోవాల్నా?"

"పోతేంది? పానం కన్న ఎక్కువనా?"

"ఇది కొత్తరకం బనీను. జరంత తేడా ఉన్నా చాలట."

"ఆ జరంత ఏడికెల్లి తెస్తవ్ తమ్మీ?"

ఓదెలు నవ్వి, తువ్వాల వీపున కప్పుకొని బస్సెక్కాడు.

పెండ్లిలో ఫొటో కోసం తువ్వాల తీసి కండువా వేసుకున్నాడని చెప్పి, చుట్టాలు సంచి తెచ్చి ఇచ్చారు. లచ్చవ్వ తువ్వాలను పట్టి చూసింది. ఇంకా తడిగానే ఉంది.

ఆ రోహిణి కార్తెలో పెండ్లికి వెళ్ళిన ఓదెలు తిరిగి రాలేదు.