రంగు మారని పెరుగు

పెరుగు మళ్లీ తెల్లగానే ఉంది. హిమజ గ్లాసును కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా నీలం జాడ లేదు.

"ఏటమ్మా, ఏటైంది?" గుమ్మంలోంచి అడిగాడు తండ్రి పాపారావు.

"తెలుపే నాన్నా!"

"నాను సెప్పలేదేటి? ఎద్దునాగున్నాను."

ఇది పద్దెనిమిదో ఆదివారం.

హిమజ మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి పలాసలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా పనిచేస్తోంది. 2006లో, ఆ ఒక్క ఏడాదే, ఉద్దానంలోని వాళ్ల ఊళ్లో కిడ్నీలు చెడి తొమ్మిది మంది పోయారు. రక్తపరీక్షకు రమ్మంటే మగాళ్లు జీడితోటల్లోకి మాయమైపోతారు, పరీక్షే జబ్బు తెస్తుందన్నట్టు. ఇంట్లోనే తేలిపోయే పరీక్ష ఒకటి తయారుచేసి తీరాలని ఆమె పంతం పట్టింది.

పెరటి కొట్టుగదే ప్రయోగశాల. గాజుసామాను శుద్ధికి ప్రెషర్ కుక్కరు. మూలన ఒక పాత ఫ్రిజ్. పరిశోధన చేస్తున్న స్నేహితురాలొకామె కొత్త జన్యువును అద్దుడు కాగితం మీద ఆరబెట్టి పోస్టులో పంపింది. దాన్ని పెరుగులోని సూక్ష్మజీవుల్లోకి ఎక్కించేసరికి రెండేళ్లు పట్టింది. కిడ్నీ దెబ్బతిన్న మనిషి మూత్రం రెండు చుక్కలు పడితే ఆ పెరుగు నీలంగా మారాలి.

మొట్టమొదట తండ్రి మూత్రంతోనే చూసింది. నీలం వచ్చింది. తల్లి చిన్నప్పుడే పోయింది, ఆమెకున్నది ఆయనొక్కడే. ఆ రోజంతా మెతుకు ముట్టకుండా ఏడ్చింది.

"నీ పెరుగే పులిసిపోయుంటాది. మల్లీ సెయ్యి" అన్నాడు పాపారావు.

మరుసటి ఆదివారం మళ్లీ చేసింది. తెలుపు. మొదటిది తన పొరపాటేనని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే వరస. ఇంట్లో మరుగుదొడ్డి కట్టించినా పాపారావుకు తోటకెళ్లందే కుదరదు. స్నేహితుడు కొండబాబును వెంటేసుకుని, సీసా చేత్తో పట్టుకుని వెళ్లేవాడు. నింపి తెచ్చేవాడు. ఇంట్లో నమ్మకం కుదిరాక ఊళ్లోకి తీసుకెళ్లాలని హిమజ ఆలోచన. వచ్చే ఆదివారం సీసాలు తెమ్మని వీధిలో అందరికీ చెప్పేసింది కూడా.

శుక్రవారం పాపారావు తోటలో కుప్పకూలాడు.

"రెండు కిడ్నీలూ పోయాయి. ఇది ఇవాళ్టిది కాదమ్మా, ఏడాదిపైనే అయ్యుంటుంది. ముందే తెలిసుంటే ఏదో ఒకటి చేసేవాళ్లం" అన్నాడు విశాఖలో డాక్టరు.

బట్టల కోసం ఇంటికొచ్చిన హిమజ నేరుగా కొట్టుగదిలోకి వెళ్లింది. ఆ పెరుగును రెండేళ్లు పాలు పోసి పెంచింది. చంటిబిడ్డకన్నా జాగ్రత్తగా చూసుకుంది. అదేమో వారం వారం తెల్లటి మొహం పెట్టుకుని ఆమెకు అబద్ధం చెప్పింది. నమ్మించి గొంతు కోసింది. తన చేతులతో చేసినదే తనకింత ద్రోహం చేస్తుందని ఆమె కల్లో కూడా అనుకోలేదు.

ప్రతి గిన్నెలోనూ ఫినాయిల్ కుమ్మరించింది. ఫ్రిజ్‌లో దాచిన తోడును కుక్కర్లో పడేసి ఉడకబెట్టింది. అద్దుడు కాగితం ముక్కలను పొయ్యిలో వేసింది. చుక్క కూడా మిగల్చలేదు.

"ఏటి సేత్తన్నావమ్మా?" గుమ్మంలో కొండబాబు.

"ఇది నన్ను మోసం చేసింది మావా! దీన్ని నమ్మినందుకే నాన్నని పోగొట్టుకుంటున్నాను."

కొండబాబు ఖాళీ గిన్నెల వంక చూశాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే చతికిలబడిపోయాడు.

"తొలిసారి నీలం సూసి నువ్వు తిండి మానీసి ఏడ్సినావని, ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకొని, ఆ మరసటి ఆదివారం నుంచీ మీ నాన్న ఆ సీసా నా సేతే నింపించీవోడమ్మా."