బట్టీ గోడ

"ఏం రాసుందో చదివి చావవయ్యా అల్లాల్ బాబాయ్!" పిండి ముద్దల పలకను నెత్తిమీంచి దించకుండానే అరిచింది జోహ్రా.

బట్టీ అల్లాల్ నవ్వాపుకోవడానికి మీసం కొరుక్కున్నాడు. పొద్దున్న తలుపు తీసేసరికే లోపలి గోడ మీద బొగ్గుతో ఆ రాత ఉంది.

"'జోహ్రా రొట్టె తింటే పళ్లు రాలతాయి' అనుందమ్మా. అన్నది గోడ, నేను కాదు."

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. జోహ్రా ముఖం కందగడ్డయింది. మొరాకోలోని ఆ సెఫ్రూ ఊళ్లో వాడంతా ఇంట్లో పిండి పిసికి, కాల్చడానికి ఈ బట్టీకే తెస్తారు. ఎవరి రొట్టెకి వాళ్ల గుర్తు: ఒకరు వేలితో నొక్కులు పెడితే, ఇంకొకరు కత్తితో గీతలు పెడతారు. ఎన్ని గుర్తులున్నా జోహ్రా రొట్టె ముందు మిగతావన్నీ దిగదుడుపేనని పేరు.

ఆ మాట ఎవరిదో ఆమెకు తెలుసు. మొన్న పక్కింటి పసిబిడ్డకు పేరు పెట్టిన విందులో నేస్తం ఇత్తో సరిగ్గా ఇదే మాట అని అందర్నీ నవ్వించింది. అదే పళ్లెంలో తింటున్న కొత్త పంతులమ్మ సిహామ్ కూడా పడీపడీ నవ్వింది. జోహ్రా కూడా నవ్వింది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఇత్తోదీ తనదీ ఒకే కంచం, ఒకే మంచం మరి. కానీ విందులో వేళాకోళం వేరు, గోడకెక్కించడం వేరు.

"ఒసేయ్ ఇత్తో! ఎవరి చేత రాయించావే?"

"నేనా? నాకేం ఖర్మ! గోడకైనా నిజం తెలిసింది, సంతోషం."

రాత తుడిచేద్దామని అల్లాల్ తడిగుడ్డ తీశాడు.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా. నా కళ్లతో నేను చదవాలి. చదివి, దీని చేత నాలికతో తుడిపిస్తా!" అంది జోహ్రా.

ఆ మధ్యాహ్నమే చలికాలానికి కట్టెలొచ్చాయి. ఆ రాత మరుగునపడేలా లోపలి గోడకు ఆనించి కప్పుదాకా పేర్చేశారు.

సాయంత్రం జోహ్రా పెద్దల బడికి వెళ్లింది. అంతకుముందు సిహామ్ ఇంటికొచ్చి పిలిస్తే, "గుర్తు చూసి ఏ రొట్టె ఎవరి చేతిదో చెప్పగలను. నాకు నీ అక్షరాలెందుకు?" అని మొహం మీదే తలుపేసిన మనిషి. వాడంతా అంతే చేసింది. జనం రాకపోతే బడి మూసేస్తామని పై ఆఫీసు వాళ్లు చెప్పేశారు కూడా.

సిహామ్ అక్షరాల పుస్తకంలో బాతు బొమ్మ చూపించింది.

"ఈ వయసులో నాకు బాతెందుకమ్మా?"

"మరేం కావాలి?"

"గోడ చదవాలి."

సిహామ్ వాదించలేదు. పుస్తకం మూసి, బోర్డు మీద అరబ్బీలో 'రొట్టె' అని రాసింది. ఆ లిపిలో ఆ మాటకు మూడు చుక్కలుంటాయి.

"ఇవి చుక్కలా, గారెలా? మధ్యలో చిల్లు పెట్టావేం?" అంది జోహ్రా.

"చిన్నప్పటి అలవాటు. మీరు మామూలుగానే పెట్టండి."

కసి మీదున్న మనిషికి చదువు ఇట్టే అబ్బింది. చలి ముదిరేసరికి బట్టీ బయటి గోడ మీద జోహ్రా చేత్తో ఓ రాత వెలిసింది: 'ఇత్తో పిండి పులవదు, నోరే పులుస్తుంది.'

మర్నాడే ఇత్తో బడిలో దిగింది. "అది నా మీదేం కూస్తోందో నేనే చదువుకుంటా" అంటూ జోహ్రాకు వీపు తిప్పి కూర్చుంది. కొన్నాళ్లకి ఆ గోడ మీదే జవాబొచ్చింది: 'జోహ్రా రొట్టెతో ఇల్లు కట్టుకోవచ్చు.' అటు కొందరు, ఇటు కొందరు చేరి గది కిటకిటలాడిపోయింది.

తనిఖీకొచ్చిన ఆయన నోరెళ్లబెట్టాడు. "ఏం మంత్రం వేశావమ్మా?"

"పెద్దవాళ్లు బెత్తానికి చదవరు సార్. వాళ్ల అవసరం ఏమిటో మనం పట్టుకోవాలి" అంది సిహామ్, బోర్డు తుడుస్తూ.

ఇత్తో కూతురికి పెళ్లి కుదిరింది. ఆ పెళ్లి రొట్టెలు జోహ్రాయే చెయ్యాలని పిల్ల పుట్టిన నాటి మాట. పిలుపు రాలేదు. డోలు చప్పుడు వినిపిస్తుంటే జోహ్రా తలుపేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇక చాలండీ, మాట్లాడుకోండి" అని సిహామ్ ఇద్దర్నీ బతిమాలింది.

"తప్పు ఒప్పుకోమను, మాట్లాడతా!" అంది జోహ్రా.

"చెయ్యని తప్పు నేనెందుకు ఒప్పుకుంటానే?" అంది ఇత్తో.

చలి తగ్గింది. కట్టెలు తరిగి తరిగి, ఓ రోజు లోపలి గోడ బయటపడింది. వాడంతా మూగింది. తడిగుడ్డ పట్టుకుని ముందు నిలబడింది జోహ్రా.

"చదవవే! ఇది నా పనేనని రుజువు చెయ్యి!" ఇత్తో ముందుకు తోసుకొచ్చింది. "నువ్వు నాతో మాట మానేసిన నాటికి నాకు అక్షరం ముక్క రాదే!"

"పాఠానికి వేళయింది, రండి రండి" గుమ్మంలోంచి సిహామ్ తొందరపెట్టింది. ఎవరూ కదల్లేదు.

జోహ్రా గోడకు దగ్గరగా జరిగి, వేలు పెట్టి కూడబలుక్కుంది. "జో... హ్రా... రొట్టె..."

వేలు అక్కడే ఆగిపోయింది.

ఆ మాటలోని మూడు చుక్కలకీ మధ్యలో చిల్లు ఉంది.