చిల్లుల గిన్నె పేరు

లోకమంతా ఎస్పెరాంతో అనే ఒక్క భాషే మాట్లాడే రోజులు వచ్చాయి. కూరగాయల బండి కూడా వీధిలో ఆ భాషలోనే అరుస్తూ పోతుంది. ఆ భాష రాని పిల్లకి బడిలో సీటు లేదు. నేనేమో ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. పేరు తెలియని వస్తువునల్లా తెలిసిన మాటలు రెండు మూడు అతికించి పిలిచేదాన్ని. మా అమ్మాయి ఇందుజకి అవే అలవాటయ్యాయి.

సీటు పరీక్షలో తెర మీదకి అన్నం వార్చే చిల్లుల గిన్నె బొమ్మ వచ్చింది.

"ఆక్వోఇరీలో!" అంది పిల్ల.

అంటే నీళ్లు వెళ్లే పనిముట్టు. నా అతుకుల మాటే.

"అది పుస్తకంలో మాట కాదండీ టీచరుగారూ, తప్పు నాదే" అన్నాను.

"మీరుండండమ్మా. మాటల మార్కు పోతే పోయింది, మాట పుట్టించినందుకు వేరే మార్కులున్నాయి."

ఆవిడ బొమ్మ తీసేసి, ఆ మాటొక్కటే పెరూలో ఉన్న ఓ పిల్లకి పంపింది. అర్థమైంది గీయమంది. తెర మీద ముందు ఒక గుండ్రం వచ్చింది. తర్వాత దాని నిండా చిల్లులు, కింద కారే నీళ్లు.

"సీటిచ్చేశాం" అని నవ్వింది టీచరుగారు. "ఈ మాట ఎవరు నేర్పారే నీకు?"

"మా అమ్మకి పుస్తకంలో మాటలు రావుగా, అన్నీ ఇంట్లోనే చేస్తుంది" అంది ఇందుజ, ఆవకాయ సంగతి చెప్పినట్టు.

ఇంటికొచ్చి అన్నం ఉడకగానే, "ఆక్వోఇరీలో ఇటియ్యవే!" అని వీధంతా వినబడేలా కేకేశాను.